మహమూద్ హుసేన్ మత్తాన్
మహమూద్ హుసేన్ మత్తాన్ (1923 - 1952 సెప్టెంబరు 3) సోమాలీ నావికుడు. చేయని హత్యకు బ్రిటన్‌లోని కార్డిఫ్ కారాగారంలో ఉరితీయబడ్డాడు. అక్కడ ఉరిశిక్ష అమలైన చివరి వ్యక్తి ఇతడే.

నాటి బ్రిటిష్ సోమాలిలాండ్‌లో జన్మించిన మత్తాన్ వాణిజ్య నౌకలలో పనిచేస్తూ కార్డిఫ్ చేరి, రేవును ఆనుకొని ఉన్న టైగర్ బేలో స్థిరపడ్డాడు. సోమాలీ, యెమెనీ, వెస్టిండియన్, పశ్చిమాఫ్రికా నావికులు ఇరుగుపొరుగుగా బ్రతికిన పేట అది. 1919 జూన్‌లో తెల్లవారి మూకలు దాడి చేసినపుడు వీరందరూ కలిసే దెబ్బలు తిన్నారు. మత్తాన్ 1947లో లారా విలియమ్స్ అనే శ్వేతజాతి యువతిని వివాహమాడాడు. వీరికి ముగ్గురు కుమారులు.

1952 మార్చి 6న లిలీ వోల్పర్ట్ అనే దుకాణదారు హత్యకు గురైంది. విచారణలో మత్తాన్‌కు వ్యతిరేకంగా ప్రధాన సాక్షి జమైకాకు చెందిన హెరాల్డ్ కవర్. పేటలోని ఐకమత్యం ఇక్కడ నిలువలేదు. కవర్‌కు బహుమతి సొమ్ములో వాటా దక్కింది. అతడు మొదట వేరొక సోమాలీ వ్యక్తిని చూసినట్లు చెప్పిన సంగతిని పోలీసులు బయటపెట్టలేదు. అన్నిటికంటె దారుణం, మత్తాన్ న్యాయవాదియే జ్యూరీ యెదుట తన కక్షిదారును సగం అనాగరికునిగా వర్ణించడం. భర్తను చూడవచ్చిన లారాకు ఉరి అమలైన సంగతి జైలు ద్వారంవద్దనే తెలిసింది.

1969లో కవర్ తన కుమార్తెపై హత్యాయత్నం చేసినట్లు రుజువైనా, హోం మంత్రి జేమ్స్ కల్లహన్ కేసును తిరిగి తెరవలేదు. 1998 ఫిబ్రవరి 24న అప్పీలు న్యాయస్థానం శిక్షను రద్దుచేసింది. 2022 సెప్టెంబరులో పోలీసు శాఖ క్షమాపణ చెప్పేనాటికి లారా గాని, ముగ్గురు కుమారులలో ఒక్కరు గాని జీవించిలేరు.