డీఎన్‌ఏ దారానికి పురి తిప్పే శక్తి: యల్లాప్రగడ సుబ్బారావు

దారానికి పురి ఎక్కువైతే ఏమవుతుందో వర్లి, కామాఠీపుర చాళ్లలో మిల్లు పనిచేసిన పెద్దలను అడిగితే చెబుతారు. దారం తన మీద తానే ముడుచుకుని మెలికలు పడుతుంది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అలాంటి దారమే ఉంది. అదే డీఎన్‌ఏ. ఒక్కో కణంలో ఉన్న డీఎన్‌ఏ ముక్కలన్నీ కలిపి చాపితే సుమారు 2 మీటర్లు. అదంతా మిల్లీమీటరులో నూరో వంతుకు మించని కేంద్రకంలో సర్దుకుంటుంది. ఆ సర్దుడుకు కావలసిన శక్తిని లోకానికి చూపినవారిలో ఒకరు తెలుగువారు, యల్లాప్రగడ సుబ్బారావు. ఈసారి ఆయన గురించి చెప్పుకుందాం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఇబ్బందులు. పదమూడేళ్ల వయసులో, కాశీ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. అయినా తల్లి చదువు మాన్పించలేదు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కారు.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా దక్కింది. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు.

1922లో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పగలు చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడిగే పని. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ కొలతే వారిని ఏటీపీ దాకా తీసుకెళ్లింది. కణాల పనికి ఇంధనం ఏటీపీ. 1929లో బోస్టన్‌లో వీరిద్దరూ, జర్మనీలో కార్ల్ లోమన్ విడివిడిగా దాన్ని కనుగొన్నారు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమీన్ తయారవ్వాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్ కణం డీఎన్‌ఏ తయారుచేసుకోలేదు. ఆ దారిలో వచ్చినదే మెథోట్రెక్సేట్. అది నేటికీ వాడుకలో ఉంది.

అమెరికా వెళ్లాక ఆయన తిరిగి రాలేదు. భార్య శేషగిరిని మళ్లీ చూడలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల తెచ్చింది.

డీఎన్‌ఏ చుట్టుకోవడాన్ని కంటితో చూసే రోజు ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు వచ్చింది. 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒకే ఒక్క డీఎన్‌ఏ పోగును గాజు మీద రెండు కొసలా అంటించి, మెరిసే రంగు ఎక్కించి, సూక్ష్మదర్శినిలో చూశారు. కండెన్సిన్ అనే ప్రోటీను ఆ పోగును లాగుతూ ఉచ్చులా పెంచుకుంటూ పోయింది. ఏటీపీ లేనప్పుడు ఉచ్చు పడలేదు. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు మహీపాల్ గంజి. బ్యాక్టీరియాలో డీఎన్‌ఏకు పురి పెట్టే గైరేజ్ అనే ఎంజైముకూ ఏటీపీయే శక్తి.

టీచర్లకు మా మనవి: రెండు దారాలు పెనవేసి, ఒక కొస పట్టుకుని, రెండో కొసను పిల్లల చేతే తిప్పించండి. దారం మెలికపడగానే ఈ పాఠం చెప్పండి. తల్లిదండ్రులకు ఒక మాట: పదో తరగతి ఒకసారి తప్పితే బడి మాన్పించి పనికి పంపే ఇళ్లు మన చాళ్లలోనూ ఉన్నాయి. తప్పినవారికి రాష్ట్ర బోర్డు మళ్లీ పరీక్ష పెడుతుంది. వెంకమ్మ తన కొడుకు చేత మూడోసారి రాయించింది. మనమూ మన పిల్లల చేత ఇంకోసారి రాయిద్దాం.