ముద్దాయిగా నిలిచిన న్యాయమూర్తి – శామ్యూల్ ఛేజ్

న్యాయమూర్తి లోకానికి తీర్పు చెబుతాడు. ఆ న్యాయమూర్తే దోషియైతే తీర్పు చెప్పవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం కోరే విద్యార్థి లోకానికి అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి శామ్యూల్ ఛేజ్ జీవితాన్ని పరిచయం చేయదలచాము.

ఛేజ్ 1741లో మేరీలాండ్‌లో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించారు. న్యాయవాద వృత్తి చేపట్టి, ఆంగ్లేయుల స్టాంపు పన్నును ఎదిరించి ప్రజానాయకులైనారు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన 56 మందిలో ఆయన ఒకరు. 1796లో అధ్యక్షుడు వాషింగ్టన్ ఆయనను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించారు.

ఛేజ్ గొప్ప మేధావి. కాని కోపానికి, వాక్కుకు కళ్లెం లేని మనిషి. ఫెడరలిస్టు పక్షంపై తనకున్న అభిమానాన్ని న్యాయపీఠంపై సైతం దాచుకోలేకపోయారు. 1800లో రాజద్రోహ నేరంపై ఫ్రైస్‌ను, అధ్యక్షుడు ఆడమ్స్‌ను దూషించిన రచయిత క్యాలెండర్‌ను విచారించినప్పుడు, ముద్దాయిల తరఫు న్యాయవాదులకు అడ్డు తగిలారన్న అపకీర్తి మూటగట్టుకున్నారు. 1803లో బాల్టిమోర్‌లో గ్రాండ్ జ్యూరీనుద్దేశించి మాట్లాడుతూ, అధికారంలో ఉన్న జెఫర్సన్ పక్షం చేసిన చట్టాలను తీవ్రంగా ఖండించారు.

అమెరికా రాజ్యాంగం ప్రకారం ఫెడరల్ న్యాయమూర్తులు సత్ప్రవర్తన ఉన్నంతవరకు పదవిలో ఉంటారు. వారిని అభిశంసించే అధికారం ప్రతినిధుల సభది. విచారించి తీర్పు చెప్పే అధికారం సెనేట్‌ది. 1804 మార్చి 12న ప్రతినిధుల సభ 73–32 ఓట్లతో ఛేజ్‌ను అభిశంసించింది. ఆయనపై ఎనిమిది ఆరోపణలు మోపారు.

1805 ఫిబ్రవరిలో సెనేట్ న్యాయస్థానంగా మారింది. అధ్యక్షత వహించిన ఉపాధ్యక్షుడు ఆరన్ బర్, అంతకు ముందు సంవత్సరమే ద్వంద్వయుద్ధంలో హామిల్టన్‌ను చంపి హత్యానేరం మోయుచున్నవాడు కావడం విధి విలాసమే! సభ్యులు 34 మంది. వారిలో 25 మంది జెఫర్సన్ పక్షీయులు. శిక్షకు మూడింట రెండు వంతులు, అనగా 23 ఓట్లు చాలును. పక్షబలమే ప్రమాణమైతే ఛేజ్ పదవి పోయినట్లే.

కాని మార్చి 1న జరిగినది వేరు. ఏ ఆరోపణకూ 19 ఓట్లకు మించి రాలేదు. ఒక ఆరోపణపై దోషి అన్నవారు ఒక్కరూ లేరు. అధికార పక్షం వారిలోనే ఆరుగురు ప్రతి ఆరోపణపైనా ఆయనను నిర్దోషిగా ప్రకటించారు. ఛేజ్ 1811లో కన్నుమూసే వరకు ఆ పీఠంపైనే ఉన్నారు. ఆయన తరువాత అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎవరూ అభిశంసనకు గురికాలేదు.

ఛేజ్ ప్రవర్తన నిష్కళంకమని మేము అనము. అభిప్రాయభేదం నేరం కాదని ఆ ఆరుగురు నిరూపించారు. న్యాయపీఠం రాజకీయ వేదిక కారాదని ఛేజ్ అనుభవం నేర్పింది. ప్రత్యర్థికి సైతం న్యాయం చేయగల ధైర్యమే ప్రజాస్వామ్యానికి ప్రాణమని మనం గ్రహింతుముగాక!