యోహాన్ సెబాస్టియన్ బాఖ్

జర్మనీ దేశమున ఐసెనాఖ్ అను పట్టణము కలదు. అచటి బాఖ్ వంశమువారు తరతరములుగా సంగీతమునే వృత్తిగా గొని జీవించిరి. 1685వ సంవత్సరమున ఆ వంశమున యోహాన్ సెబాస్టియన్ జన్మించెను. అతనికి పదియేండ్లు నిండక మునుపే తల్లిదండ్రు లిరువురును గతించిరి. ఓర్డ్రుఫ్ పట్టణమున ఆర్గన్ వాదకుడుగా నున్న పెద్దన్న అతనిని చేరదీసెను.

అన్నయొద్ద గొప్ప విద్వాంసుల రచనలు గల పుస్తక మొకటి యుండెను. దానిని ముట్టుటకు బాలునికి అనుమతి లేదు. అతడు రాత్రివేళ దానిని రహస్యముగా వెలికిదీసి, దీపము లేకపోవుటచే వెన్నెల వెలుగున ఆరు నెలలపాటు ప్రతి వ్రాసుకొనెనని చెప్పుదురు. అన్న కనిపెట్టి ఆ ప్రతిని లాగుకొనెను. కాగితములు పోయినవి గాని, వ్రాయుచు నేర్చిన విద్య పోలేదు.

బాఖ్ 1708లో వైమార్ ప్రభువు కొలువున చేరెను. ఆ కాలమున ఎంతటి విద్వాంసుడైనను ప్రభువునకు సేవకుడే. 1717లో మరొక కొలువునకు పోవుటకై సెలవు కోరి పట్టుపట్టగా, ప్రభువు కోపించి ఆయనను దాదాపు నెలదినములు చెరలో నుంచి, పిదప పంపివేసెను.

ఆయన పిమ్మట చేరినది కోథెన్ సంస్థానము. అచటి యువప్రభువు లియోపోల్డ్ స్వయముగా వాద్యములు నేర్చిన రసికుడు. ఆయన బాఖ్‌ను మిత్రునివలె ఆదరించెను. కాని 1720లో ప్రభువు వెంట పరదేశమునకు బోయి తిరిగివచ్చునప్పటికి, బాఖ్ భార్య మరియా బార్బరా మరణించి, ఖననము కూడ జరిగిపోయి యుండెను. నలుగురు బిడ్డలు తల్లిలేనివారైరి. బాఖ్ దుఃఖమును దిగమ్రింగి తన పని సాగించెను.

చెల్లో యనునది వయొలినుకంటె చాల పెద్ద వాద్యము. వాదకుడు కూర్చుండి, దానిని మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయించును. ఆనాడు అది ఎక్కువగా ఇతర వాద్యములకు మంద్రస్థాయిలో ఆధారము నిచ్చుటకే వినియోగపడుచుండెను. బాఖ్ ఒంటి చెల్లోకై ఆరు రచనలు చేసెను. వానిలో తోడు లేకయే ఆ ఒక్క వాద్యము పాటను, ఆధారమును తానే వినిపించును.

హార్ప్సికార్డు స్థితియు నట్టిదే. దాని మెట్లు నొక్కగా లోపలి తంత్రులు మీటబడి మ్రోగును. ఇతర వాద్యములతో కూడినపుడు స్వరకర్తలు దాని వాదకునకు క్రింది స్వరములను, కొన్ని అంకెలను మాత్రమే వ్రాసి యిచ్చెడివారు. తక్కినది అతడు అప్పటికప్పుడు పూరించుకొనవలెను. రూపమున చెల్లోను పోలిన వియోలా ద గాంబాకును, హార్ప్సికార్డుకును బాఖ్ మూడు సొనాటాలు రచించెను. వానిలో కుడిచేతి స్వరములను చాలవరకు తానే వ్రాసెను. గాంబా ఒకటి పలుకగా కుడిచేయి బదులు పలుకును. ఎడమచేయి ఆధారము నిచ్చును. సేవకునివలె వెనుక నిలిచిన వాద్యము ఇట్లు సరిసమాన మయ్యెను.

1721లో బాఖ్ గాయనియైన అన్నా మగ్దలేనాను వివాహమాడెను. 1723 మొదలు 27 సంవత్సరములు లైప్జిగ్ నగరమున దేవాలయ సంగీతమును నడపెను. తుదకు చూపు మందగించెను. 1750లో జరిగిన రెండు శస్త్రచికిత్సలును ఫలింపలేదు. ఆ యేడు జూలై 28న ఆయన మరణించెను.

చెల్లో రచనలకు బాఖ్ స్వహస్తమున వ్రాసిన ప్రతి దొరకలేదు. అన్నా మగ్దలేనా ఓపికతో వ్రాసిన ప్రతి నిలిచినది. 1890లో స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరమున 13 ఏండ్ల పాబ్లో కసాల్స్ ఆ రచనల అచ్చుప్రతిని ఒక అంగడిలో కనుగొనెను. పండ్రెండేండ్లు సాధన చేసిన పిదపనే వానిని సభలో వినిపించుటకు సాహసించెను. నాటినుండి ఒంటి చెల్లో పలికిన ఆ పలుకులను లోకము శ్రద్ధతో వినుచున్నది.