విశ్వేశ్వరయ్యగారు – మూసీ వఱద

మూసీనది సూర్యాపేట చెంతగా పాఱి, మిర్యాలగూడ సీమలో వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరు 28న ఈ నదియే హైదరాబాదులో వేలాది ప్రాణములను హరించినది. మఱుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. (వీరి పూర్వుల గ్రామము మన మోక్షగుండమే.) పూనా చెంత ఖడక్వాస్లా జలాశయమునకు, నీరు మట్టము మీఱగానే తమంత తాము తెఱచుకొను తలుపులను 1903లో అమర్చి పేరొందిన యీ యింజనీరుగారు, మూసీ యెగువను తెగిన చెఱువులను లెక్కించి, వఱదను నగరమునకు పైననే ఆపవలెనని నిశ్చయించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసెను. నిండిన జలాశయము కన్నులపండువే గాని, వఱదనాడు కాచునది అందలి ఖాళీయే. నూఱేండ్లు దాటి 1962లో వీరు గతించిరి. 2019 అక్టోబరులో, సూర్యాపేట యొద్ద నిండియున్న మూసీ ప్రాజెక్టు తలుపొకటి కొట్టుకొనిపోయి, పైరులకై నిలిపిన నీరెంతో కృష్ణపాలయ్యెను.