మట్టిలో దొరికిన మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కొల్లేటి పక్కన మండవల్లి ప్రాంతంలో చేపల చెరువుల్లో దిగి పనిచేసేవారికి కాళ్ళకు గాయాలు కొత్త కాదు. గాయానికి తేనె రాయడం మన పెద్దలు ఎరిగిన వైద్యమే. దివ్య ఖుర్ఆన్‌లో తేనెటీగ పేరిట ఒక సూరాయే ఉంది. తేనెలో మానవులకు స్వస్థత ఉందని అది తెలియజేస్తున్నది. తేనెలోని చిక్కదనం, పులుపు గుణం, అందులో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ సూక్ష్మక్రిములను పెరగనీయవని నేటి శాస్త్రం చెబుతున్నది. అయితే ఆసుపత్రుల్లో గాయానికి వాడేది ప్రత్యేకంగా శుద్ధి చేసిన తేనె. షుగరు ఉన్నవారి కాలిపుండుకు వంటింటి సీసాను నమ్ముకుని రోజులు గడపరాదు, డాక్టరుకు చూపించాలి.

ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు పుట్టించాడని దైవప్రవక్త (స) మనకు తెలిపారు. ఆ మందును వెదికేవారు కావాలి కదా! అలా జీవితమంతా వెదికిన మనిషి ఒకరు మనకు ఎంతో దగ్గరివారు. మండవల్లి మీదుగా పోయే రైలు చేరే భీమవరంలోనే ఆయన 1895 జనవరి 12న జన్మించారు.

స్ప్రూ అనే విరేచనాల వ్యాధి సుబ్బారావు గారి సోదరులిద్దరిని పొట్టన పెట్టుకుంది. ఆయనకూ అదే సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో బతికారని చెబుతారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు చిన్న పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. అంత చేసినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు శాశ్వత కొలువు ఇవ్వలేదు.

1940లో లెడర్లీ సంస్థకు మారాకే అసలు పంట చేతికొచ్చింది. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అది దేనికి మందో చూడండి, ఆయన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకే! కానీ వారు పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

ఆ సంస్థలోనే ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు ఊరూరి మట్టి తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ నేలలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. రోగక్రిములను అరికట్టే ఆరియోమైసిన్ దాని నుండే వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో ఇదే మొదటిది. తేనెటీగ కడుపులో ఒక మందు, కాలికింది మట్టిలో మరొకటి!

బోదకాలు నివారణకు గోదావరి జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ పంచుతూ వచ్చిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం ఇచ్చినదే. మింగినవారిలో ఆయన పేరు ఎరిగినవారు ఎందరు?

ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. 1922లో ఓడ ఎక్కినది మొదలు స్వదేశానికి మళ్ళీ రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.