గోపన్నగారి నగల పద్దు

నేలకొండపల్లి కంచర్ల గోపన్నను మనమంతా భక్త రామదాసుగానే ఎరుగుదుము. నావంటి గుమాస్తాకు మాత్రం ఆయన ముందు రెవెన్యూ ఉద్యోగి. 17వ శతాబ్దంలో, తానీషా ఏలుబడిలో, మేనమామలు అక్కన్న మాదన్నల ప్రాపున పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో రామునికి గుడి కట్టించి, నగలు చేయించాడు. ఖజానాకు జమ కావలసిన పైకం జమకాలేదు. 12 ఏండ్లు గోల్కొండ చెరలో మగ్గాడని ప్రతీతి. మంజూరు లేని ఖర్చు గనుక, ఆడిటు దృష్టిలో సుల్తానుది పూర్తిగా తప్పని నేననను.

అయితే గోపన్న లెక్క దాచలేదు. ఇక్ష్వాకు కులతిలక కీర్తన ఒకసారి శ్రద్ధగా వినండి. అది ఖర్చుల పద్దే. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణునికి ముత్యాల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, రామునికి కలికితురాయి. భరతుని పచ్చల పతకానికి 10 వేల వరహాలు పట్టిందని ధర సైతం చెప్పాడు. తన ఇంటికి చేయించుకున్న నగ ఒక్కటీ అందులో లేదు.

కంసాలి పేరూ లేదు. అదే నాకు లోటు. ఈ రోజుల్లో మైనపు అచ్చుకు కరెంటుతో బంగారం పట్టించి, మైనం కరిగించి గుల్ల నగలు చేస్తున్నారు. తూకం తక్కువ, చూపు ఎక్కువ. ఆనాడు కుంపటి, సుత్తి, చేతి ఓపికతోనే పతకాన్ని చింతాకు పోలికలో తీర్చారు.

చివరకు రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ చెల్లించారని కథ. చెల్లించి ఊరుకోలేదు, రసీదు కూడా పుచ్చుకున్నారట!