పురుగులకు ఇంటిపేరు పెట్టిన లామార్క్

మొన్న వానకు మన బోరింగు దగ్గర వానపాములు బయటికొస్తే అందరం ఛీ ఛీ అని పక్కకు దూకినం కదా. వాటికీ, జలగకూ, సముద్రంలో ఉండే ముళ్ళ పురుగులకూ ఒకటే ఇంటిపేరు. ఆ ఇంటిపేరు పెట్టినాయన లామార్క్.

ఆయన 1744లో ఫ్రాన్స్ దేశంలో పుట్టారు. పదకొండు మంది పిల్లల్లో ఆఖరివాడు. పేరుకు పెద్ద వంశమే గానీ ఇంట్లో డబ్బు లేదు. తండ్రి చనిపోయాక సైన్యంలో చేరారు. ఆటలో తోటి సిపాయి తల పట్టుకుని పైకెత్తితే మెడ దెబ్బతిని ఆ కొలువు కూడా పోయింది. తర్వాత మొక్కల చదువులో పడ్డారు. 1778లో ఫ్రాన్స్ మొక్కల మీద పుస్తకం రాశారు.

1793లో పారిస్ మ్యూజియంలో ఆయనకు పురుగుల పాఠం చెప్పే ఉద్యోగం ఇచ్చారు. మొక్కలు తెలిసినాయనకు పురుగులు! అప్పటికి దాదాపు 50 ఏళ్ళు. అయినా మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నారు. నాకు ఇక్కడే ఆయన నచ్చారు.

అంతకుముందు స్వీడన్ పండితుడు లిన్నేయస్ వెన్నెముక లేనివాటిలో కీటకాలు పోగా మిగిలినవన్నీ పురుగులే అని ఒక్క పెట్టెలో వేశారు. అందులో నెరీస్ అనే సముద్రపు ముళ్ళ పురుగు గుల్ల లేని నత్త పక్కన, నక్షత్ర చేప పక్కన ఉంది. వానపాము ఇంకోచోట ఉంది. గొట్టం కట్టుకుని ఉండే పురుగునైతే గవ్వలతో కలిపారు. ఇల్లు చూసి మనిషి కులం చెప్పినట్టు.

వీటి రక్తం ఎర్రగా ఉంటుందని క్యూవియే అనే పండితుడు ముందే గుర్తుపట్టారు. 1802లో లామార్క్ వీటన్నిటినీ ఒకచోట చేర్చి అనెలిడ్లు అన్నారు. లాటిన్‌లో చిన్న ఉంగరం అని అర్థం. ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్టే ఉంటుంది. సముద్రపువాటికి ఉంగరం ఉంగరానికీ రెండు పక్కలా బిరుసు వెంట్రుకలు, అంటే శూకాలు. వానపాముకు కూడా చిన్నవి ఉంటాయి. తోక నుంచి తల వైపు వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. నేను రాసి చూసిన.

ఈజిప్టు వెళ్ళి సముద్రపు పురుగులు ఏరుకొచ్చిన సావిన్యీ అనే ఆయన పెట్టిన పేర్లను లామార్క్ 1818లో తన పుస్తకంలో వేశారు. హెసియోని అనే పురుగు పేరు పక్కన ఇప్పటికీ ఇద్దరి పేర్లూ రాస్తారు. అది గ్రీకు కథలో రాకుమార్తె పేరు. పాపం, సావిన్యీకి తర్వాత కళ్ళు పోయాయి. లామార్క్‌కూ పోయాయి.

పుస్తకం ఇంకా అయిపోలేదు. ఆయన నోటితో చెప్తుంటే కూతురు కొర్నెలీ రాసింది. మా అయ్యకు కళ్ళు బాగానే ఉన్నా చదువు రాదు. ఏ కాగితమొచ్చినా నేనే చదివి చెప్తా, ఆయన చెప్పింది నేనే రాస్తా. అందుకే ఈ కొర్నెలీ సంగతి రెండుసార్లు చదివిన.

1829 డిసెంబర్ 18న లామార్క్ చనిపోయారు. డబ్బు లేక అద్దె సమాధిలో పెట్టారు. తర్వాత ఎముకలు తీసేశారు, ఎక్కడున్నాయో తెలీదు. పుస్తకం అట్ట మీద కొర్నెలీ పేరు లేదు.

కింద నెరీస్ బొమ్మ నేనే గీసిన. కొర్నెలీ పేరు కూడా దాని పక్కనే రాసిన.